అమ్మకు పడిపోయే ముప్పు ఎంతో తెలుసుకున్నాం: నా అనుభవం

డెబ్బై దాటిన మా అమ్మ ఒకరోజు మంచం దగ్గర తూలి పడింది. ఎముకలు విరగలేదు కాబట్టి ఆమె ఆ సంగతిని అంతటితో వదిలేద్దామంది. కానీ ఒకసారి పడిన పెద్దవారు మళ్లీ పడే అవకాశం ఎక్కువని, కారణం తేల్చుకోవడం మంచిదని చెప్పి డాక్టరు ముప్పు అంచనా పరీక్షలు రాశారు.

ముందుగా మూడు ప్రశ్నలు అడిగారు: గడిచిన ఏడాదిలో పడ్డారా, నిలబడినప్పుడు గానీ నడిచేటప్పుడు గానీ తూలినట్లు ఉంటుందా, పడిపోతానేమోనన్న భయం ఉందా. మూడో ప్రశ్నకు అమ్మ, తాను ఆ భయంతోనే మేడ మెట్లు ఎక్కడం మానేశానని చెప్పింది. ఆ మాట మాకెవ్వరికీ అంతవరకు తెలియదు. భయపడి నడక తగ్గించుకుంటే కాళ్ల కండరాలు బలహీనపడి ముప్పు ఇంకా పెరుగుతుందని, అందుకే ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతామని డాక్టరు వివరించారు.

తర్వాత కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, వెనక్కి తిరిగి వచ్చి కూర్చోమన్నారు. దీనికి 12 సెకన్లు, అంతకు మించి పడితే ముప్పు ఉన్నట్లు లెక్క. అమ్మకు అంతకంటే ఎక్కువే పట్టింది. ఫిజియోథెరపిస్టు మాత్రం గడియారం కంటే అమ్మ కదలికలనే ఎక్కువగా గమనించారు: లేచేటప్పుడు రెండు చేతులతో కుర్చీని గట్టిగా నొక్కడం, తిరిగేటప్పుడు ఒక్కసారిగా తిరగలేక చిన్న చిన్న అడుగులు వేయడం. ఒక పాదం మడమను రెండో పాదం వేళ్లకు ఆనించి 10 సెకన్లు నిలబడమంటే, మధ్యలోనే ఆమె చేయి గోడ కోసం వెతికింది.

అసలు విషయం బయటపడింది బీపీ దగ్గర. అయిదు నిమిషాలు పడుకోబెట్టి ఒకసారి, లేచి నిలబడ్డాక ఒకటో నిమిషంలో, మూడో నిమిషంలో మళ్లీ చూశారు. నిలబడగానే పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ, అంతకంటే ఎక్కువ గానీ పడిపోతే కళ్లు తిరిగి తూలవచ్చు కాబట్టి దాన్ని పట్టించుకోవాలి. అమ్మకు పై అంకె 26 తగ్గింది. ఎప్పుడూ కూర్చోబెట్టే చూడడం వల్ల ఇన్నాళ్లూ అది మామూలుగానే కనిపించింది. నిలబెట్టి చూడడం ప్రతిచోటా అలవాటు కావాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

కొన్ని మాత్రల వల్ల కూడా తూలు రావచ్చు కాబట్టి, అమ్మ వాడే మాత్రలన్నీ, సొంతంగా కొనుక్కున్న జలుబు మాత్రలతో సహా, తెచ్చి చూపించమన్నారు. రాత్రి వేసుకునే నిద్రమాత్రను డాక్టరు క్రమంగా తగ్గించి మాన్పించారు, బీపీ మాత్ర మోతాదు మార్చారు. ఇలాంటి మాత్రలను మనంతట మనమే ఆపేయకూడదు; హఠాత్తుగా మానితే వేరే ఇబ్బందులు రావచ్చు. కంటిచూపు, పాదాల స్పర్శ కూడా పరీక్షించారు. ప్రోగ్రెసివ్ కళ్లద్దాల (దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉండేవి) కింది భాగంలోంచి చూస్తే మెట్లు మసకగా కనిపిస్తాయి కాబట్టి, నడకకు దూరపు చూపు అద్దాలు వేరుగా రాశారు.

ఇంట్లో బాత్రూం గోడకు పట్టుకునే కమ్మీలు, మంచం నుంచి బాత్రూం దాకా రాత్రి దీపం పెట్టించాం. అయినా ఎక్కువ మేలు చేసినవి వ్యాయామాలే అని నా నమ్మకం. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం, పక్కన ఆసరా ఉంచుకుని మడమలెత్తి నిలబడడం అమ్మ మానకుండా చేసింది. మంచం దిగే ముందు కాసేపు అంచున కూర్చుని కాళ్లు ఆడించడం కూడా అలవాటు చేసుకుంది. మళ్లీ పరీక్షించినప్పుడు కుర్చీ నడక 12 సెకన్ల లోపే పూర్తయింది. ఇకపై ఏటా ఒకసారి, మధ్యలో పడినా లేదా కొత్త మాత్ర మొదలుపెట్టినా ఆలోగానే, రమ్మన్నారు.