బల్బులో తీగే కదా!

నిద్ర పట్టట్లేదు. పెదనాన్న అన్న ముక్క ఇంకా లోపల కెలుకుతూనే ఉంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని దింపు కూలి గురించి, కొబ్బరి ధర గురించి గంటసేపు చెప్పి, ఉన్నట్టుండి నా మీద పడ్డారు. "ఏమ్మా, నువ్వు చూసేది టంగ్‌స్టనంట కదా? బల్బులో తీగే కదా అది! ఎల్‌ఈడీలొచ్చాక దాంతో ఇంకేం పని?" అందరూ నవ్వారు. అమ్మ కూడా. అమ్మ నవ్వినందుకే ఎక్కువ మండింది.

ఫ్రాన్స్‌లో కడుతున్న ఇటర్ అనే ఫ్యూజన్ రియాక్టర్ (సూర్యుడిలోలా పరమాణు కేంద్రకాల్ని కలిపి వేడి పుట్టించేది) సంగతి గడగడా చెప్పేశాను. ప్లాస్మా (ఎలక్ట్రాన్లు ఊడిపోయేంతగా కాగిన వాయువు) వేడి గట్టిగా తగిలే అడుగుభాగానికి టంగ్‌స్టనే వాడతారు, 3400 డిగ్రీలు దాటితే గానీ అది కరగదు, అక్కణ్ణించి లేచిన పరమాణువులు ప్లాస్మాలో కలిస్తే వేడినంతా కాంతిగా బయటికి పారబోస్తాయి, ఎంత కలిసిందో కనిపెట్టాలంటే దాని కాంతిని విడదీస్తే వచ్చే గీతలు ముందే కొలిచి ఉంచుకోవాలి. ఆయన "ఆయ్" అని సెల్లు తీసుకున్నారు.

అసలా జవాబు గ్రాంటు కాగితాల్లోది. నేనీ పనిలోకొచ్చింది ఇటర్ కోసం కాదు, డిగ్రీలో ఫిజిక్స్ ల్యాబు చీకటిగది వల్ల. సోడియం ల్యాంపు ముందు ఎర్రగా వెలిగి, తీరిగ్గా పసుపుకి తిరిగేది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయేది. మళ్లీ మొదటికి. "పాత రికార్డులో రీడింగులున్నాయి, వేసేసుకోండమ్మా" అనేవాడు అటెండరు. అందరూ వేసేసుకున్నారు. నేను మొండికేసి కూర్చున్నా. గ్రేటింగులోంచి (కాంతిని రంగులుగా విడదీసే సన్నగీతల పలక) ఇంకాస్త పక్కకి చూస్తే పసుపు గీత రెండుగా విడిపోయింది. 589.0, 589.6 నానోమీటర్లు. కోణం చదివే వెర్నియర్ స్కేలు దగ్గర టార్చి పట్టుకున్న స్నేహితురాలు చెయ్యి నొప్పంటూ తిడుతూనే ఉంది.

అయినా పెదనాన్న అడిగిన దాంట్లో తప్పేముంది? బల్బులో తీగే. దాని 74 ఎలక్ట్రాన్లలో 45 ఊడగొడితే 29 మిగులుతాయి, సరిగ్గా రాగికున్నన్ని. రాగిలాగే చివర ఒంటరి ఎలక్ట్రాను. కానీ లోపలి లాగుడు ఎక్కువ కాబట్టి దాని బలమైన గీత 6.2 నానోమీటర్ల దగ్గరికి జరిగిపోతుంది. ఆ కాంతి జానెడు గాలిని కూడా దాటలేదు, గాజులోంచీ పోదు. అందుకే దారంతా వాక్యూమ్, కటకాల బదులు ఏటవాలుగా కాంతి తగిలే గ్రేటింగు. ఇది చెప్పాల్సింది. ఆయనకి రాగి బిందెలైనా గుర్తొచ్చేవి.

ఏమో, అప్పుడూ సెల్లే చూసేవారేమో. కోపమైతే పోలేదు.

ఇందాకే ల్యాబ్ నుంచి జూనియర్ మెసేజ్: 17.3 నానోమీటర్ల దగ్గర కొత్త గీతంట, టంగ్‌స్టన్‌దేనంట, నాలుగు ఆశ్చర్యార్థకాలు. అది ఆక్సిజన్ గీత బాబూ. టంగ్‌స్టన్ పంపడం ఆపేసి మళ్లీ తియ్యి, గీత మాయమైతే అప్పుడు మాట్లాడదాం అని పెట్టాను. ఇంకా చూడలేదు.