డబ్ల్యూఎల్‌ఎం గెలాక్సీలో కార్బన్ మోనాక్సైడ్ గీత: నా అనుభవం

సీటస్ రాశిలో సుమారు 30 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న డబ్ల్యూఎల్‌ఎం అనే మరుగుజ్జు గెలాక్సీలో కార్బన్ మోనాక్సైడ్ గీత (వర్ణపటంలో ఆ వాయువు ఉనికిని చెప్పే రేడియో సంకేతం) నా విశ్లేషణలో నిన్న స్పష్టంగా కనిపించింది. ఆ వాయువు జాడను 2013లో చిలీలోని అపెక్స్ రేడియో దుర్భిణి పట్టుకోగా, 2015లో అక్కడే ఉన్న ఆల్మా రేడియో దుర్భిణుల సముదాయం పది చిన్న మేఘాలను విడదీసి చూపింది. కొత్త ఆవిష్కరణ కాకపోయినా, ముడి డేటా నుంచి ఆ గీత దాకా నేనే చేరుకున్నందుకు నాకు గర్వంగా ఉంది.

ఆల్మా ఆర్కైవ్ నుంచి డేటా దించుకోవడం సులువే. కాలిబ్రేషన్‌కు, అంటే పరికరాల వల్ల వచ్చే తేడాలను సరిదిద్దడానికి, మాత్రం స్క్రిప్టు కాసా అనే డేటా విశ్లేషణ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్‌లో రాశారో దానినే వాడండి.

నన్ను కుంగదీసింది ఆ తర్వాతి దశ. ఒక ఆచార్యులు చెప్పినట్టే పరిశీలించిన ప్రాంతమంతటికీ సగటు వర్ణపటం తీసి సమావేశంలో చూపిస్తే, ఆయనే తెర వైపు చూసి, "అక్కడ వాయువే లేదమ్మా, వేరే అంశం చూసుకో" అని అందరి ముందూ తేల్చేశారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఈ గెలాక్సీలో భార మూలకాలు సూర్యుడిలో ఉన్నదాంట్లో దాదాపు 13 శాతమే. కార్బన్, ఆక్సిజన్ తక్కువ కావడమే కాక, అణువులను విడగొట్టే అతినీలలోహిత కాంతిని అడ్డుకునే ధూళి కూడా పలుచన కావడంతో, కార్బన్ మోనాక్సైడ్ అణువులు మేఘాల నడిబొడ్డున, సగటున రెండు పార్సెక్‌ల (సుమారు 6.5 కాంతి సంవత్సరాల) వ్యాసార్ధం గల ముద్దల్లోనే బతుకుతాయి. అలాంటి చోట విశాల ప్రాంతానికి సగటు తీస్తే సంకేతం రొదలో కలిసిపోక ఏమవుతుంది? ఈ మాట తెలిసినవారే అలా తీర్పు ఇవ్వడం అన్యాయమని ఇప్పటికీ అంటాను.

అమెరికాలోని వీఎల్‌ఏ రేడియో దుర్భిణులు తీసిన పరమాణు హైడ్రోజన్ పటాలను ముందు పెట్టుకుని, ఆ వాయువు దట్టంగా ఉన్న చోట్ల, దాని వేగం దగ్గరే ఒక్కొక్క చానెల్‌నూ (సన్నని పౌనఃపున్య పట్టీని) విడిగా చూశాను. గెలాక్సీ సెకనుకు సుమారు 120 కిలోమీటర్ల వేగంతో మన వైపు వస్తోంది కాబట్టి, 115.27 గిగాహెర్ట్జ్ గీత 115.32 దగ్గర కనిపించాలి. రొద చుక్కలు చానెల్ మారగానే మాయమయ్యాయి. ఒక్క చుక్క మాత్రం వరుస చానెళ్లలో కదలకుండా అక్కడే నిలిచింది.

ఇప్పుడు అదే ఆచార్యులు, కార్బన్ మోనాక్సైడ్ గీత ప్రకాశం నుంచి హైడ్రోజన్ అణువుల ద్రవ్యరాశి రాబట్టడానికి పాలపుంతకు వాడే గుణకంతోనే ఇక్కడా లెక్కగట్టమంటున్నారు. ఆ పని నేను చేయను, మీరూ చేయకండి: కార్బన్ మోనాక్సైడ్ నశించిన పొరల్లోనూ హైడ్రోజన్ అణువులు మిగిలే ఉంటాయి, ఆ గుణకం వాటిని లెక్కలోకే తీసుకోదు.