పండు లేని కాలంలో ద్రాక్షతోటకు

హైదరాబాద్ నుంచి సోలాపూర్‌కు బస్సు దొరకడం కష్టం కాదు, సోలాపూర్‌లో దిగడమే కష్టం. పుణె, ముంబై వెళ్ళే ప్రైవేటు స్లీపర్లన్నీ ఆ ఊరి మీదుగానే పోతాయి. చార్జీ మాత్రం పుణె దాకా వెళ్ళేవాడితో సమానంగా గుంజుతారు. నవంబరు చివర, పెళ్ళిళ్ళ సీజన్ అంటూ పన్నెండు వందలు తీసుకున్నారు. ఊళ్ళోకి వెళ్తుందా అని ఎక్కేటప్పుడు గట్టిగా అడిగాను. "బస్టాండ్ ముందరనే దింపుతం సార్" అన్నాడు క్లీనర్. తెల్లవారుజామున నాలుగింటికి తట్టి లేపి, బైపాస్ మీద చీకట్లో దింపి, నేను చెప్పులు సరిగ్గా వేసుకునేలోపే బస్సు లాగించేశారు.

ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో తడిగుడ్డ చుట్టి పేపర్లో మడిచిన ద్రాక్ష ఆకుల పొట్లం. బస్సువాళ్ళను పైకే తిట్టుకుంటుంటే "యాడికి పోవాలన్నా?" అని చీకట్లోంచి తెలుగు వినబడింది. ఆటో. నా తిట్లు విని మనవాడేనని పోల్చుకున్నాడట. సోలాపూర్‌లో తెలుగు వింత కాదు. మగ్గాలనూ మిల్లులనూ నమ్ముకుని తరాల కిందట వెళ్ళిన పద్మశాలీలు తూర్పు వైపు పేటల నిండా ఉన్నారు. అయినా ఆ వేళప్పుడు, ఆ బైపాస్ మీద వినేసరికి ప్రాణం లేచొచ్చింది. భాష ఒకటైనా రేటు మాత్రం తగ్గలేదు. మూడు వందలంటే మూడు వందలే. వాళ్ళ తాతలది పాలమూరు వైపట, తనెప్పుడూ చూడలేదట. దారిలో నా ఒళ్ళోని పొట్లం చూసి "తమలపాకులా?" అన్నాడు. ద్రాక్షాకులని చెబితే ఆటో నెమ్మది చేసి మరీ వెనక్కి తిరిగి చూశాడు. "ద్రాక్ష పండే జాగాకు ద్రాక్షాకులు మోసుకొస్తున్నవా అన్నా?"

ఆ ఆకులు మా నాయన ఇచ్చి పంపినవి. మాది కీసర వైపు. నా చిన్నప్పుడు మా చుట్టుపక్కల ఎటు చూసినా రాతి స్తంభాలు, వాటి మీద తీగె పందిళ్ళు, కింద నడివేసవిలో కూడా చల్లటి నీడ. అంతా అనాబ్-ఎ-షాహీనే. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాకర్ ఖాన్ హైదరాబాద్‌కు తెచ్చారని చెప్పుకునే రకం. పెద్ద పెద్ద గుత్తులు, లేత బంగారు రంగు పండు, లోపల గింజలు. కాపు విరగ్గాసేది కానీ తీపి ఓ మోస్తరే, నిల్వ ఉండదు, వాన పడితే బూజు తెగులు. తరవాత గింజ లేని థామ్సన్ వచ్చింది. ఆ తరవాత ప్లాట్లు వచ్చాయి. పందిళ్ళు పోయాక ఆ స్తంభాలు వెంచర్ల ఫెన్సింగుకు పనికొచ్చాయి. మాకు మిగిలింది బోరు పక్కన ఒక్క అనాబ్ తీగ. దాని ఒక కొమ్మకు కాసే పళ్ళు మిగతా కొమ్మల పళ్ళకంటే పొడుగ్గా ఉంటాయని, అది కొత్త రకమని, ప్రపంచంలో తనొక్కడి దగ్గరే ఉందని నాయన పట్టుదల.

ఆయన పట్టుదలకు ఆధారం లేకపోలేదు. సోలాపూర్ నుంచి బార్షీ రోడ్డులో ఇరవై కిలోమీటర్లు పోతే నాన్నజ్ వస్తుంది. బట్టమేకపిట్ట అభయారణ్యం ఉన్న ఊరే. ద్రాక్ష రైతులకు మాత్రం అది నానాసాహెబ్ కాళే ఊరు. థామ్సన్ తోటలోంచి ఆయన ఏరి పెంచిన పొడుగు పండు రకమే సోనాకా. నల్లటి శరద్ సీడ్‌లెస్‌ను కూడా ఆయనే కిష్మిష్ చోర్నీలోంచి ఎంచి పట్టుకున్నారు. సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ వైపు నుంచి వచ్చిన తాస్-ఏ-గణేశ్ కూడా ఇలాగే థామ్సన్‌లోంచి ఏరినదే. ఇవేవీ ప్రయోగశాలల్లో పుట్టలేదు. రోజూ తోటలో తిరిగే మనిషి కంటికి ఏదో తేడాగా కనబడితే, దాన్ని వదలకుండా అంట్లు కట్టి పెంచారు. "వాళ్ళకు దొరికింది, నాకు దొరకొద్దా?" అంటాడు నాయన.

మా మేనత్త కొడుకు ఆ వైపే ఒక ద్రాక్ష నర్సరీ కంపెనీలో కొత్త రకాల ప్లాటు చూసుకుంటాడు. నాయన ఆకులు వాడికి చూపించడానికే నా ప్రయాణం. వాళ్ళ రకాలకింకా రిజిస్ట్రేషన్ కాలేదు కాబట్టి కంపెనీ పేరు, ఊరి పేరు రాయొద్దన్నాడు. రాయను. సోలాపూర్‌లో ఎక్కిన ఎర్ర బస్సు దిగేసరికి బైకు మీద వచ్చి ఉన్నాడు.

తోటలో అడుగు పెట్టాక మొదటి మాట, "బావా, పళ్ళు ఫిబ్రవరిలో." ఏటా ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ప్రూనింగ్ చేసి ఒకే పంట తీసే పద్ధతి ఆ ప్రాంతమంతా ఉంది. అక్టోబరు కత్తిరింపు తరవాత నలభై రోజులు దాటితే పూత. నేను వెళ్ళింది సరిగ్గా పూత మీద. సోలాపూర్ దాకా వెళ్ళి ఒక్క పండు నోట్లో వేసుకోకుండా రావడమంటే ఏం చెప్పను. మధ్యాహ్నం వాళ్ళింట్లో తిన్న శేంగా (పల్లీల) చట్నీ, జొన్నరొట్టె లేకపోతే ఈ ప్రయాణంలో నోటికి తగిలిందేమీ లేదు. పైగా ఆకాశం మబ్బుపట్టి ఉంది. పూత మీద వాన కొడితే పూత రాలుతుంది, డౌనీ, అంటే ఆ బూజు తెగులే, వస్తుంది. కాబట్టి తోటలో అందరి మొహాల్లోనూ టెన్షన్.

కానీ పండ్లున్న కాలంలో వెళ్ళి ఉంటే నాకు మావశీ కనబడేది కాదు. మావశీ అంటే మరాఠీలో పిన్ని, అందరూ ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. అరవై దాటి ఉంటుంది. కళ్ళజోడుకు దారం, తలకు చీర కొంగు, చేతిలో గడియారాలు బాగుచేసేవాళ్ళు వాడే లాంటి సన్నటి పట్టకారు. పందిరి కింద ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చుని ఒక పూగుత్తిని ఎడమ చేత్తో పట్టుకుంది. ద్రాక్ష పూమొగ్గ ఆవగింజకు కాస్త పెద్దది, అంతే. దాని రేకులు మిగతా పూలలా విచ్చుకోవు. అయిదూ పైన అతుక్కుని టోపీలా ఉంటాయి, పక్వానికి వచ్చాక ఆ టోపీ అడుగు నుంచి ఊడి రాలిపోతుంది. లోపల అయిదు కేసరాలు, మధ్యలో అండాశయం. అంటే తన పుప్పొడి తన మీదే పడి కాయ కట్టేసుకుంటుంది. వేరే రకంతో సంకరం చేయాలంటే ఆ టోపీ తనంతట ఊడకముందే, కేసరాలతో సహా తీసేయాలి. అండాశయానికి గీత కూడా పడకూడదు.

ఆవిడ టక్కున తీస్తుంది, పక్కకు విదిలిస్తుంది, ఇంకోటి. గుత్తిలో మరీ లేతవీ, అప్పటికే విచ్చుకున్నవీ ముందే కత్తిరించి పారేస్తుంది. నేను వంగి చూస్తుంటే తల ఎత్తకుండానే మరాఠీలో ఏదో అంది. "దాని మీద ఊపిరి వదలొద్దంటోంది బావా" అన్నాడు వీడు. దూరం జరిగాను. గుత్తి పూర్తయ్యాక కాగితం సంచి తొడిగి, నోరు కట్టి, చీటీ కట్టింది. ఒకటి రెండు రోజులకు ఆ అండాశయాల కొసన సన్నటి తేమబొట్టు మెరుస్తుందట. అప్పుడు సంచి విప్పి, తండ్రి రకం నుంచి సేకరించి ఆరబెట్టిన పుప్పొడిని బ్రష్‌తో అద్ది, మళ్ళీ సంచి కట్టేస్తారు. వీడి డిగ్రీలన్నీ ఒక ఎత్తు, మావశీ వేళ్ళు ఒక ఎత్తు. ఆ మాట వాడే అన్నాడు. కూలీ ఎంతిస్తారని అడిగాను. మిగతావాళ్ళకంటే యాభై ఎక్కువట. యాభై రూపాయలు! నాకు ఒళ్ళు మండింది, కానీ అది నా తోట కాదు.

గింజ లేని పండుతో సంకరం ఎలా అని నా సందేహం. థామ్సన్‌లో ఫలదీకరణం జరుగుతుందట, కానీ లోపలి పిండం మధ్యలోనే చచ్చిపోతుంది. మనకు పంటికి తగిలీ తగలనట్టు ఉండే మెత్తటి గుర్తు అదే. అందుకని పాత పద్ధతిలో గింజ ఉన్నదాన్ని తల్లిగా, గింజ లేనిదాన్ని పుప్పొడికి వాడేవారు. బెంగళూరులోని ఉద్యాన పరిశోధన సంస్థ ఐఐహెచ్ఆర్ వాళ్ళు అనాబ్-ఎ-షాహీ మీద థామ్సన్ పుప్పొడి వేసి ఆర్కా శ్వేత తీసింది అలాగే. మన హైదరాబాద్ పండు ఒక రకానికి తల్లి అయిందని అంత దూరం పోయి తెలుసుకున్నాను. ఇప్పుడు రెండూ గింజ లేనివే వాడి, పిండం చచ్చిపోకముందే కాయలోంచి తీసి గాజు సీసాలో పెంచుతున్నారు. మొలక వచ్చాక మొదటి కాపుకు రెండు మూడేళ్ళు, వందల మొలకల్లో పనికొచ్చేవి ఏరడానికి ఇంకొన్నేళ్ళు. ఒక రకం బజారుకు రావడానికి పదేళ్ళు దాటడం మామూలేనట.

మధ్యాహ్నం ఆఫీసు గదిలో రిజిస్టరు తీశాడు. అసలు విషయం అక్కడుంది. కొత్త రకమని చెప్పుకోవాలంటే మూడు రుజువు చేయాలి. ఉన్న రకాలన్నిటికంటే వేరుగా ఉండాలి, మొక్కలన్నీ ఒకేలా ఉండాలి, అంటు కట్టి పెంచినా ఆ లక్షణం నిలవాలి. మొక్కల రకాల మీద హక్కులిచ్చే 2001 నాటి చట్టం ప్రకారం ఇవి తేలితే ద్రాక్ష లాంటి తీగలకు 18 ఏళ్ళు హక్కు ఇస్తారు. రైతు కూడా తన రకాన్ని తన పేరున రిజిస్టరు చేసుకోవచ్చు. అందుకే ప్రతి మొక్కకూ పేజీలకు పేజీలు. కొత్త చిగురు కొన మూసుకుని ఉందా, పూర్తిగా విచ్చుకుని ఉందా. చిగురు మీద నూగు ఎంత. ముదురాకు అడుగున ఈనెల మధ్య నూగు ఎంత, దానికి 1, 3, 5, 7, 9 అని అంకెలు. ఆకు కాడ దగ్గర నొక్కు తెరుచుకుని ఉందా, అంచులు ఒకదానిమీద ఒకటి ఎక్కాయా. ఫిబ్రవరిలో పండు వచ్చాక పొడుగు, వెడల్పు, గుండ్రమా, కోడిగుడ్డు ఆకారమా, స్తంభంలా ఉందా, వేలులా ఉందా, కొమ్ములా వంగిందా. గింజ అసలు లేదా, సగంలో ఆగిందా, పూర్తిగా ఉందా.

చదివీ చదివీ "మరి రుచి?" అన్నాను. పేజీ తిప్పి ఒక గడి చూపించాడు. ప్రత్యేకమైన వాసన లేదు, మస్కట్ ద్రాక్ష పరిమళం, నక్కవాసన, పసరు, మరొకటి. అయిదే. నక్కవాసన అంటే బెంగళూరు బ్లూ తింటే వచ్చే ఆ ఘాటు. పుల్లగా తియ్యగా గొంతులో జారే పండు, ఎండాకాలం మధ్యాహ్నం గోలెంలో నానేసి తిన్న పండు, వీటికి గడి లేదు. చక్కెర శాతం కొలవడానికి యంత్రం ఉంది, అది వేరే లెక్క. నాకు కోపం లాంటిది వచ్చింది. మేం మా పందిరి పండును ఎవరికైనా చెప్పాల్సి వస్తే రుచితోనే చెప్పేవాళ్ళం, ఆకు అడుగున నూగు ఎవడు చూశాడు?

"రుచి ఏడాదికోలా ఉంటది బావా. నీళ్ళు ఎక్కువైతే ఒకలా, ఎండ కొడితే ఒకలా. నూగు మారదు" అన్నాడు. జవాబు దొరకలేదు నాకు.

అప్పుడు నాయన పొట్లం విప్పాడు. నవ్వాడు, కానీ మర్యాదగానే. ఆకులన్నీ కొమ్మ కొసన కోసినవి. పోల్చడానికి కావాల్సింది పిందె కట్టాక, కొమ్మ నడిమి భాగంలో ముదిరిన ఆకు. పైగా ఒక్క తీగ, ఒక్క కొమ్మ. పండు పొడుగవడానికి సవాలక్ష కారణాలు. గుత్తులు తక్కువుంటే పొడుగవుతుంది, పండు సాగడానికి కొట్టే జీఏ మందు తగిలితే పొడుగవుతుంది. "పక్క తోట వాళ్ళేమైనా కొట్టారా?" పక్కన తోట ఎక్కడిది, పక్కనున్నవి విల్లాలు. అది నిజంగా కొమ్మలో వచ్చిన మార్పే అయినా ఇంకో చిక్కుంది. అనాబ్-ఎ-షాహీలోంచి పొడుగు పండుది ఒకటి ఇప్పటికే ఏరి పెట్టుకున్నారు, దాని పేరు దిల్‌ఖుష్, కర్ణాటకలో తోటలకు తోటలే ఉన్నాయి. నాయనది దానికంటే వేరని తేలాలి.

"అయితే లేనట్టేనా?"

"లేదని నేననలేదు. ఏప్రిల్ కత్తిరింపప్పుడు ఆ కొమ్మ పుల్లలు పంపమను మామయ్యను. డాగ్‌రిడ్జ్ వేరు మొక్కల మీద అంట్లు కడతాం. అన్నిటికీ అదే పొడుగు పండు వస్తే అప్పుడు రిజిస్టరు తీద్దాం."

సాయంత్రం బస్సు కోసం సోలాపూర్‌లో నిలబడి నాయనకు ఫోన్ చేశాను. దిల్‌ఖుష్ సంగతి చెబితే కాసేపు మాట్లాడలేదు. తరవాత, అది తను ఎప్పుడో తిన్నాడట, తన పండు ముందు అది నిలవదట. పుల్లలు పంపాలంటే మాత్రం ఒక షరతు పెట్టాడు. రకం నిలబడితే మా నానమ్మ పేరు పెట్టాలి, అది కాగితం మీద రాసిస్తేనే కత్తెర పట్టుకుంటాడు. ఈ మాట వాట్సాప్‌లో పెడితే వీడి దగ్గర నుంచి వెంటనే జవాబు వచ్చింది. "అమ్మమ్మ పేరే కదా, నాకేం అభ్యంతరం లేదు. ముందు ఫిబ్రవరిలో పళ్ళు కొలిచి పంపమను. వెర్నియర్‌తో, జానతో కాదు."