గేమ్ థియరీ పేపర్: నా మార్కులు ఎక్కడ పోయాయంటే

డిగ్రీ ఎకనామిక్స్‌లో గేమ్ థియరీ (నా లాభం ఎదుటివాడి ఎంపిక మీద కూడా ఆధారపడే సందర్భాల లెక్క) అనగానే భయపడతారు. నిజానికి ఇందులో ఉండేది చాలావరకు పదో తరగతి సమీకరణాలు, పైన కాస్త డిఫరెన్షియేషన్. నాకు మార్కులు పోయింది లెక్కలో కాదు, ఒక ఆటగాడి అంకె చూడాల్సిన చోట ఇంకొకడిది చూడటంలో.

ఇద్దరి ఎంపికలను బట్టి ఎవరికెంత లాభమో చూపే పట్టికలో ఒక్కో గడికి రెండు అంకెలు. మొదటిది అడ్డువరుసలు ఎంచుకునేవాడిది, రెండోది నిలువువరుసలు ఎంచుకునేవాడిది. ఒక్కో నిలువువరుసలో పైనుంచి కిందికి చూస్తూ మొదటి అంకెల్లో పెద్దదాని కింద గీత గీస్తాను. తర్వాత ఒక్కో అడ్డువరుసలో రెండో అంకెలకూ అదే పని. రెండు గీతలూ పడ్డ గడి నాష్ సమతౌల్యం, అంటే ఎదుటివాడు మారకపోతే ఎవరికీ ఒంటరిగా ఎంపిక మార్చి లాభం లేని స్థితి. పెద్ద అంకెలు సమానంగా ఉంటే రెండిటికీ గీయాలి, లేకపోతే ఒక సమతౌల్యం జారిపోతుంది. జవాబుగా వ్యూహాల జత రాయాలి గానీ గడిలోని అంకెలు కాదు.

అసలు తల తిరిగేది మిశ్రమ వ్యూహాల దగ్గర, అంటే ఎప్పుడూ ఒకే ఎత్తు కాకుండా ఒక్కోదాన్ని ఇంత తరచుగా అని కలిపి ఆడటం దగ్గర. చివరి ఓవర్ అనుకోండి. బౌలర్ యార్కరైనా వేయొచ్చు, స్లో బాలైనా వేయొచ్చు. బ్యాటర్ ఏదో ఒకదానికి ముందే సిద్ధపడాలి. యార్కర్‌కి సిద్ధపడితే యార్కర్ మీద సగటున 3 పరుగులు, స్లో బాల్ మీద 1. స్లో బాల్‌కి సిద్ధపడితే యార్కర్ మీద 0, స్లో బాల్ మీద 4. బౌలర్ యార్కర్ ఎంత తరచుగా వేయాలో తేల్చాలంటే చూడాల్సింది బ్యాటర్ పరుగులు: బ్యాటర్ దేనికి సిద్ధపడినా ఒకే సగటు రావాలి. అలా లెక్కిస్తే యార్కర్ 1/2. అలాగే బౌలర్ ఏ బంతి వేసినా ఒకేలా నష్టపోయేట్టు సమీకరణం రాస్తే బ్యాటర్ యార్కర్‌కి సిద్ధపడేది 2/3. రెండు వైపులా సగటు 2 పరుగులే వస్తే లెక్క సరిపోయినట్టు.

ఇప్పుడు ఆ 4ను 6 చేసి చూడండి. స్లో బాల్‌కి సిద్ధపడితే లాభం పెరిగింది కదా, బ్యాటర్ ఇంకా ఎక్కువగా దానికే సిద్ధపడతాడనుకుంటాం. జరిగేది తలకిందులు: స్లో బాల్‌కి సిద్ధపడే వాటా 1/3 కాస్తా 1/4కు తగ్గుతుంది. బౌలర్ భయపడి స్లో బాల్ వాడకాన్ని 1/2 నుంచి 3/8కి తగ్గించుకుంటాడు మరి. ఈ ఒక్క లెక్క రెండుసార్లు చేతితో చేస్తే ఆ అధ్యాయం సగం వచ్చేసినట్టే.

1838 నాటి కూర్నో నమూనాలో, అంటే రెండు కంపెనీలు ఎంత ఉత్పత్తి చేయాలో ఒకేసారి ఎంచుకుని పోటీపడే ఆటలో, తప్పు ఇంకోరకం. ధర = 100 − ఇద్దరి మొత్తం ఉత్పత్తి, యూనిట్ ఖర్చు 10 అనుకుందాం. ఎదుటివాడి ఉత్పత్తిని స్థిరంగా ఉంచి నా లాభాన్ని డిఫరెన్షియేట్ చేయాలి, ఆ తర్వాతే ఇద్దరివీ సమానమనాలి. అప్పుడు తలా 30, ధర 40, లాభం 900. తొందరపడి ముందే సమానం పెట్టేస్తే 22.5 వస్తుంది. అది పోటీకి జవాబు కాదు, కుమ్మక్కయిన కార్టెల్‌కి జవాబు. లాభం తలా 1012.5 కనిపించి ముచ్చటేస్తుంది గానీ నిలవదు: ఒకడు 22.5 దగ్గరే ఉంటే రెండోవాడు 33.75కి పెంచి సుమారు 1139 జేబులో వేసుకుంటాడు.

ఒకరి తర్వాత ఒకరు ఆడే, కొమ్మలుగా గీసే చెట్టు బొమ్మల ఆటల్లో వ్యూహమంటే ఆడిన ఎత్తు కాదు, ప్రతి మలుపులోనూ ఏం చేస్తాడో చెప్పే పూర్తి ప్రణాళిక. రెండోవాడికి రెండు మలుపులు, ఒక్కోచోట రెండు దారులుంటే వాడి వ్యూహాలు 2 కాదు, 4. ఆట చేరని కొమ్మ మీదా ఏం చేస్తాడో రాయాలి. కొత్త కంపెనీ బయటే ఉంటే దానికి 0, పాతదానికి 2. లోపలికొస్తే సర్దుకుంటే తలా 1, ధరల యుద్ధం చేస్తే తలా −1 అనుకోండి. ‘బయటే ఉండటం, వస్తే యుద్ధం’ నాష్ సమతౌల్యమే. కానీ చివరి కొమ్మ నుంచి వెనక్కి వస్తే పాత కంపెనీ −1 వదిలి 1 తీసుకుంటుంది. బెదిరింపు ఉత్తదే. ప్రశ్నలో సబ్‌గేమ్ (ఒక మలుపు నుంచి మిగిలిన ఆట) అన్న మాట ఉంటే ‘బయటే ఉండటం, వస్తే యుద్ధం’ అన్న జవాబుకి మార్కులు రావు.