టబితా చేతుల మీదుగా

శనివారం. పొద్దున్నించీ వాన. ఆయన వారమంతా పోర్ట్‌లాండ్‌లో ఉండి నిన్న రాత్రి ఇంటికొచ్చారు, సూట్‌కేసు బట్టలు, పిల్లాడి సాకర్ బట్టలు కలిపి వాషర్‌లో వేసి, ఇడ్లీలు తిని, లైబ్రరీ పుస్తకాలు ఇచ్చేద్దామని అత్తయ్యని కూడా తీసుకుని బయల్దేరాను. ఆవిడ వచ్చి రెండు నెలలవుతోంది, ఈ వానకి ఇంట్లో కూర్చుని విసిగిపోతున్నారు.

దారిలో కాఫీ షాపు గోడ మీద ఒక పాత ఫోటో పెద్దది చేసి పెట్టారు. నేను చాలాసార్లు చూసిందే. మొదలు దగ్గర చిన్న గదంత వెడల్పున్న చెట్టు, దాని మొదట్లో కోసిన గంటులో ఒక మనిషి కాళ్లు చాపుకుని పడుకున్నాడు, అటూ ఇటూ గొడ్డళ్లతో ఇద్దరు, నిలువెత్తు రంపం పక్కన ఆనించి ఉంది. అత్తయ్య కళ్లజోడు పెట్టుకుని దగ్గరికెళ్లి చాలాసేపు చూశారు. వాళ్లు నేల మీద కాకుండా చెట్టుకి గుచ్చిన పలకల మీద ఎందుకు నించున్నారని అడిగారు. మొదలు దగ్గర చెట్టు బాగా ఉబ్బి, జిగురుతో నిండి ఉంటుంది, అక్కడ కోస్తే రంపం పట్టేస్తుంది, అందుకని కాండానికి కొంత ఎత్తులో గంట్లు పెట్టి, వాటిలో పలకలు దూర్చి, వాటి మీద నిలబడి కోసేవాళ్లని చెప్పాను. జిగురు పట్టకుండా రంపం మీద చల్లడానికి కిరసనాయిలు సీసా ఒకటి దగ్గరే తగిలించుకునేవాళ్లు. ఆవిడ తలాడించి, "సరే గానీ ఏమ్మా, ఇంత అడవిలో వీళ్లకి వండి పెట్టిందెవరు, ఆ బట్టలు ఉతికిందెవరు?" అన్నారు.

ఆ ప్రశ్న నన్ను సాయంత్రం దాకా వదల్లేదు. ఎందుకంటే ఇలాంటి ఫోటోల వెనక ఉన్న మనిషి గురించి నాకు కొంత తెలుసు, అందులో సగం ఆయన భార్య కథ.

డేరియస్ కిన్సీ 1889లో మిస్సోరీ నుంచి ఇక్కడికే, వాషింగ్టన్ రాష్ట్రంలోని మా స్నోక్వాల్మీకే వచ్చాడు. 1896లో టబితాని పెళ్లి చేసుకున్నాడు. కొన్నాళ్లు ఉత్తరాన సీడ్రో-వూలీలో స్టూడియో నడిపి, 1906లో సియాటెల్‌కి మకాం మార్చారు. అక్కణ్ణించి ఆ ఇంటి సంపాదనంతా అడవి నుంచే. ఆయన బరువైన కెమెరా, ఫోటో పలకలు, స్టాండు మోసుకుంటూ చెట్లు కొట్టే క్యాంపులకి వెళ్లేవాడు. అక్కడి పనివాళ్లని, రైలింజన్లని, దుంగలు ఈడ్చే ఆవిరి యంత్రాలని, వంటశాల జట్టుని, గుడిసె గుమ్మంలో పిల్లల్ని పెట్టుకుని నించున్న కుటుంబాల్ని ఫోటోలు తీసి నెగెటివ్‌లు ఇంటికి పంపేవాడు. వాటిని కడిగి, కాగితం మీదికి దింపి, ఆరబెట్టి, ఎవరెవరికి ఎన్నో లెక్క చూసి క్యాంపులకి తిరిగి పంపేది టబితా. ఒక్కోటి అర డాలరుకి ఆ కూలీలే కొనుక్కునేవాళ్లు, ఊళ్లో ఉన్న అమ్మకో, పెళ్లాడబోయే పిల్లకో పంపుకోవడానికి.

చిన్న ఫిల్మ్‌ని పెద్దది చేసుకునే పద్ధతి కాదు వాళ్లది. పదకొండు అంగుళాలు, పద్నాలుగు అంగుళాల నెగెటివ్ అంటే ప్రింటు కూడా అంతే, కాగితాన్ని నెగెటివ్‌కి ఆనించి వెలుగు చూపించాలి. చీకటి గదిలో నెగెటివ్ కడిగేటప్పుడు ఒక్క నిమిషం అటూ ఇటూ అయిందా, అడవిలో ఆయన పడ్డ కష్టం మొత్తం మసి. ఆయన కొండలెక్కాడు నిజమే, కానీ ఆ ఆకుల్లో ఒక్కొక్క ఆకూ విడిగా కనిపించేలా ప్రింటు తీసింది ఆవిడ. ఇద్దరు పిల్లల్ని పెంచుతూ, మొగుడు వారాల తరబడి ఇంట్లో లేకుండా, నలభై ఏళ్లకి పైగా. 1940లో ఒక చెట్టు మోడు మీంచి పడి దెబ్బలు తగిలాక ఆయన మళ్లీ కెమెరా పట్టలేదు, 1945లో పోయాడు. మిగిలిన వేలకొద్దీ నెగెటివ్‌లు ఇప్పుడు బెల్లింగ్‌హామ్‌లోని వాట్కమ్ మ్యూజియంలో ఉన్నాయి. కిన్సీ ఫోటో అనగానే అందరికీ డేరియస్ గుర్తొస్తాడు. నాకు మాత్రం అది ఇద్దరు మనుషులు రెండు చోట్ల చేసిన ఒకే పని, ఇద్దరి పేరూ చెప్పాలి అనిపిస్తుంది.

ఇదంతా కాఫీ తాగుతూ అత్తయ్యకి చెప్పాను. "పాపం, ఆవిడ కనీసం పట్నంలో ఉంది, ఆ గుడిసెల్లో ఉన్నవాళ్ల మాటేంటి" అన్నారు. అత్తయ్య నాన్నగారు రాజమండ్రిలో కలప అడితీలో గుమాస్తా. భద్రాచలం వైపు నించి గోదావరిలో కట్టలు కట్టిన వెదుళ్లూ దుంగలూ తెప్పలుగా దిగి రావడం, వాటి మీద వచ్చినవాళ్లు ఒడ్డునే మూడు రాళ్ల పొయ్యి పెట్టుకుని వండుకోవడం ఆవిడ చిన్నప్పుడు చూశారు. ఎప్పుడూ మగవాళ్లే ఉండేవారట, వాళ్లకీ పెళ్లాం పిల్లలు ఉంటారన్న ఆలోచన తనకి ఆ వయసులో రాలేదన్నారు.

ఇక్కడ మాత్రం 1900 తర్వాత కొందరు పెళ్లాం పిల్లల్ని క్యాంపులోకే తెచ్చుకున్నారు. ఇల్లంటే ఇల్లు కాదు, రైలు పెట్టె మీద పట్టేంత చెక్క గది. ఒక కొండ మీద చెట్లు అయిపోగానే ఆ గదులన్నిటినీ క్రేనుతో ఎత్తి రైలెక్కించి ఇంకో కొండకి తీసుకెళ్లేవాళ్లు. ఆ ఇల్లాలు పింగాణీ సామానంతా గుడ్డల్లో చుట్టి కింద పెట్టుకుని, పొయ్యి ఆర్పుకుని, కొత్త చోట దింపాక మళ్లీ వెలిగించుకోవాలి. నీళ్లు మోసుకోవాలి. కట్టెలపొయ్యి మీద నీళ్లు కాచి, జిగురూ గ్రీసూ పట్టిన ఆ మందపాటి ఉన్ని చొక్కాలు చేత్తో రుద్దాలి, ఈ వానలో ఆరబెట్టాలి. నా డ్రయర్ నలభై నిమిషాల్లో చేసే పని వాళ్లకి రెండు రోజులు పట్టి ఉంటుంది. మొగుడి బూట్ల కింద దుంగల మీద జారకుండా ఇనుప మేకులుండేవి, అవి వేసుకుని లోపలికొస్తే చెక్క నేలంతా తూట్లు పడేది. ఇంట్లో ఎన్ని గొడవలయ్యేవో!

పెళ్లికాని వాళ్ల పరిస్థితి ఇంకా కష్టం. దుప్పటి చుట్ట కూడా ఎవరిది వాళ్లే భుజాన వేసుకుని క్యాంపు నుంచి క్యాంపుకి తిరగాలి. స్నానానికి చోటుండేది కాదు, పేలు, గదిలో తడిబట్టల వాసన. వంటశాలలో తిండి మాత్రం కడుపునిండా, కానీ తినేటప్పుడు మాట్లాడకూడదని చాలా చోట్ల నియమం. 1917 ఎండాకాలంలో ఈ కూలీలు పెద్ద సమ్మె చేశారు, మొదటి ప్రపంచ యుద్ధానికి విమానాల కలప కావాల్సి వచ్చి సైన్యం కూడా అడవిలోకి దిగింది, 1918 మార్చిలో ఎనిమిది గంటల పనిదినం వచ్చింది. ఆ ఏడు మే డే నాడు చాలామంది తమ దుప్పటి చుట్టల్ని మంటల్లో వేసేశారు, ఇక మంచం, పక్క కంపెనీయే ఇవ్వాలని. ఎనిమిది గంటలు అంటే ఇంటికి ఇంకా వెలుతురుండగా రావడం. పిల్లలు తండ్రిని పగటిపూట చూడ్డం. ఆ సమ్మె గురించి చదివినప్పుడల్లా నాకు ముందు ఇదే తోస్తుంది.

రాత్రి భోజనాలప్పుడు మళ్లీ ఇదే మాట వచ్చింది. మా ఆయన ప్రమాదాల గురించి అడిగారు. అడవిలో ఆవిరి యంత్రానికి ఈల ఉండేది, ఏ తాడు లాగాలో ఎప్పుడు ఆపాలో అన్నీ ఈలలతోనే. ఎవరికైనా దెబ్బ తగిలితే దానికి వేరే ఈల. క్యాంపులో ఉన్న ఆడవాళ్లకి ఆ తేడా బాగా తెలుసు, అది వినపడితే చేతిలో పని వదిలేసి బయటికొచ్చి నించునేవాళ్లు, ఎవరింటికి వస్తారోనని. ఎంత టెన్షనో తలుచుకుంటేనే గుండె దడ.

1911లో వాషింగ్టన్ రాష్ట్రం పనిలో ప్రమాదాలకి పరిహారం చట్టం తెచ్చింది. భర్త చనిపోతే భార్యకి నెలకి 20 డాలర్లు, ఒక్కో పిల్లకి ఇంకో 5, మొత్తం 35 దాటకూడదు. మళ్లీ పెళ్లి చేసుకుంటే ఒకేసారి 240 ఇచ్చి ఆపేస్తారు. అంతకుముందు కోర్టుకెళ్లి కంపెనీతో పోట్లాడి గెలిస్తేనే ఏదైనా, అడవిలో ఉన్న ఆడమనిషి ఎక్కడికని వెళ్తుంది? కాబట్టి చట్టం మంచిదే, చాలా మంచిది. కానీ నలుగురు పిల్లలున్న ఇంటికి నాలుగో బిడ్డ లెక్కలోకే రాదు. నాకు కోపం వచ్చింది, భోజనం మధ్యలోనే గట్టిగా అన్నాను కూడా.

అత్తయ్య వెంటనే, "మనవాళ్లెవరైనా వచ్చారా ఆ రోజుల్లో?" అన్నారు. తెలుగువాళ్లు కాదు, పంజాబీలు వచ్చారు, ఎక్కువమంది సిక్కులు, బెల్లింగ్‌హామ్ రంపపు మిల్లుల్లో పనిచేశారు. 1907 సెప్టెంబర్ 4 రాత్రి కొన్ని వందల మంది తెల్ల కూలీల గుంపు వాళ్లు ఉండే చోట్ల మీద పడి కొట్టి, సామాన్లు బయటికి విసిరి, కొన్ని రోజుల్లోనే అందర్నీ ఊరొదిలి పోయేలా చేసింది. తర్వాత 1917 వలస చట్టంతో మన దేశం నుంచి రావడమే దాదాపు ఆగిపోయింది, ఇక భార్యని తెచ్చుకునే మాటేముంది. వాళ్ల ఇల్లాళ్లు ఎక్కడో జలంధర్ దగ్గరా హోషియార్‌పూర్ దగ్గరా పల్లెల్లో ఏళ్లకేళ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. వాళ్లవీ కలప కొట్టే కుటుంబాలే నా లెక్కలో, మధ్యలో సముద్రం ఉందంతే. వాళ్ల గుమ్మంలో నించోబెట్టి ఫోటో తీసే కిన్సీ కూడా ఎవరూ లేరు.

బెల్లింగ్‌హామ్‌లో ఇప్పుడు ఆ తరిమివేతలకి గుర్తుగా రాతి తోరణం ఒకటి కట్టారు, 2018లో. కిన్సీల నెగెటివ్‌లున్న మ్యూజియం కూడా ఆ ఊళ్లోనే. థాంక్స్‌గివింగ్ సెలవుల్లో రెండూ చూసొద్దామని ఆయనతో అన్నాను, మ్యూజియం ఏ రోజు తెరిచి ఉంటుందో ఆయన ఫోన్లో వెతుకుతుంటే, అత్తయ్య ముందు ఆ తోరణం దగ్గరికే వెళ్దామన్నారు, అలాగే అనుకున్నాం.