మాస్టారి ఫారిన్ డిపార్టుమెంటు

సంచికకు ఏదైనా రాయమని కమిటీ మిత్రులు కోరినప్పుడు, పదో తరగతిని, పరీక్షలను, వీడ్కోలు సభను తక్కినవారికి వదిలి, నేను తొమ్మిది 'బి'లో మన సోషల్ మాస్టారి దగ్గరే ఆగిపోవాలనుకున్నాను.

సిలబస్‌లో లేని విదేశాంగ శాఖ చరిత్రను ఆయన ఎంత ఇష్టంగా చెప్పేవారో మీకు తెలుసు. 1783 సెప్టెంబరు 13న, వారన్ హేస్టింగ్స్ యంత్రాంగం మీద పడుతున్న రహస్య, రాజకీయ వ్యవహారాల భారాన్ని తగ్గించడానికి, కలకత్తా ఫోర్టు విలియంలో ఈస్టిండియా కంపెనీ ఒక ప్రత్యేక శాఖను ఏర్పరచిందని చెప్పగానే మన లీడరు లేచి, "అప్పటికి మనది ఒక దేశమే కాదు కదండీ, ఇక విదేశమెక్కడిది?" అని అడిగాడు. మాస్టారు జవాబు చెప్పకుండా నిజాం రాజ్యపు పటం మీద మన తాలూకా చుట్టూ బెత్తం కొనను నెమ్మదిగా తిప్పారు. కంపెనీ దృష్టిలో నిజాం, మరాఠాలు, మైసూరు అందరూ పరాయి ప్రభువులే. 1914లో ఆ శాఖ ఫారిన్ అండ్ పొలిటికల్ డిపార్టుమెంటుగా మారినా, 1937లో సంస్థానాల వ్యవహారాలను విడదీసి ఎక్స్‌టర్నల్ అఫైర్స్‌ను వేరుచేసేవరకు, నిజాం దర్బారులో బ్రిటిషువారి ప్రతినిధి అయిన హైదరాబాదు రెసిడెంటు ఉత్తరప్రత్యుత్తరాలన్నీ దానితోనే నడిచాయి.

మరునాడు ముత్తమ్మగారి గురించి చెప్పారు. ఇండియన్ ఫారిన్ సర్వీసు స్వాతంత్ర్యానికి ముందే, 1946 అక్టోబరులో రూపుదిద్దుకుంది. 1949లో అందులో చేరిన తొలి మహిళ సి.బి. ముత్తమ్మ పెళ్ళి చేసుకుంటే రాజీనామా చేస్తానని హామీపత్రం రాయవలసి వచ్చింది. ఆమె వేసిన కేసులో, 1979లో, సుప్రీంకోర్టు అటువంటి నిబంధనల్లోని వివక్షను తూర్పారబట్టింది. ఆ పాఠం విన్న మొదటి బెంచీ అమ్మాయి తరువాత ఏ రాయబార కార్యాలయాల్లో పనిచేసిందో నేను వేరే చెప్పాలా?

నా ఉద్యోగ జీవితమంతా ఢిల్లీ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆ శాఖ కాగితాల మధ్యనే గడిచింది. నాడాతో కట్టిన కట్టలు, ముట్టుకుంటే పెళుసుగా విరిగే అంచులు, పైన 'ఫారిన్ డిపార్టుమెంటు', దాని కిందే 'ఇంటర్నల్' అనే విభాగం పేరు: సంస్థానాల సంగతులు అక్కడ ఉండేవి. లీడరు ప్రశ్నకు పూర్తి సమాధానం నాకు అక్కడ దొరికింది. హైదరాబాదు మీద పరిశోధనకు వచ్చిన పిల్లలు హోం శాఖ కేటలాగు తిరగేస్తూ కనిపిస్తే, ఫారిన్ కేటలాగు తెచ్చి వారి ముందు పెట్టడం నాకు ఎన్నటికీ విసుగు పుట్టని పని.