రాగి రేకు మీద తలకట్టు

తిరుపతి కొర్లగుంటలో మా గుమ్మానికి 'శ్రీనివాస నిలయం' అని రాగి రేకు మీద నేనే రాస్తానని మొదలుపెట్టాను. "అన్నమయ్య కీర్తనలు కూడా రాగి రేకుల మీదే కదమ్మా" అంటే, "అవి ఉలితో చెక్కినవి నాయనా, నువ్వు యాసిడ్‌లో నానబెడతానంటున్నావు" అంది అమ్మ.

పక్కవీధి ఆచారన్న నైట్రిక్ యాసిడ్ వాడమన్నాడు. నిమిషాల్లో పని అయిపోతుంది, నిజమే. కానీ అది రాగికి తగిలితే లేచే ఎర్రటి పొగ విషం. ఇంట్లో పిల్లలున్నారు, దాని జోలికే పోలేదు.

ఎలక్ట్రానిక్స్ షాపులో రాగిని కరిగించే ఫెర్రిక్ క్లోరైడ్ తెచ్చాను. లేజర్ ప్రింట్‌ను తిరగేసి తీసి, ఇస్త్రీపెట్టెతో టోనర్‌ను, అంటే ప్రింటర్ నల్లపొడిని, రేకు మీదికి దించాను. టోనర్ ఉన్నచోట రాగి మిగులుతుంది, మిగతాది కరుగుతుంది. రేకును ద్రావణంలో బోర్లా ఉంచాలి. వెల్లకిలా పెడితే మడ్డి గీతల్లోనే కూర్చుంటుంది. వెచ్చగా ఉంటే పని తొందరగా అవుతుందని టబ్బును మిద్దె మీద మే నెల ఎండలో పెట్టి, అన్నం తిని వచ్చాను. అంతే! ద్రావణం కిందికే కాదు, టోనర్ కింద పక్కలకు కూడా తినేసింది. 'స', 'య' తలకట్లు మాయం. 'యం' సున్న సగమే మిగిలింది. లావు ఇంగ్లిష్ అక్షరాలైతే తట్టుకునేవేమో, మన సన్నటి తలకట్టుకు ఆ ఓపిక లేదు.

రెండోసారి కరెంటుతో కరిగిద్దామని మైలుతుత్తం. మామిడి, నిమ్మ రైతులు సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం అనే తెగుళ్ల మందు చేసుకుంటారే, అదే. ఎరువుల కొట్లో దొరికింది. ఈసారి అక్షరాలే లోతుగా దిగేలా చుట్టూ టోనర్ ఉంచి, చిల్లులకు నెయిల్ పాలిష్ పూసి, వెనక ప్యాకింగ్ టేపు అంటించాను. ప్లాస్టిక్ డబ్బాలో ఎదురుగా ఇంకో రాగి ముక్క, పవర్ సప్లై రెండు వోల్టుల లోపే. పది నిమిషాల తర్వాత తీసి చూస్తే అక్షరాల మీద ఎర్రటి పొడి పేరుకుంది! వైర్లు తిరగేసి ఇచ్చాను. ప్లస్ నా రేకుకు రావాలి.

మార్చాక పొగ లేదు, వాసన లేదు. ఒక ఆంపియర్ గంటసేపు పారితే సుమారు 1.2 గ్రాముల రాగి కరుగుతుంది, కాబట్టి లోతు ముందే లెక్క వేసుకోవచ్చు. రెండు గంటలకు గోరు పెడితే ఆగేంత లోతు దిగింది. థిన్నర్‌తో టోనర్ తుడిచి, గీతల్లో నల్ల ఎనామిల్ నింపాను. తలకట్లు అన్నీ ఉన్నాయి.

ఇక్కడ కరిగిన రాగి ఎదుటి ముక్క మీదికి చేరుతుంది కాబట్టి ద్రావణం మళ్లీ పనికొస్తుంది, వడకట్టి సీసాలో పోశాను. వాడిన ఫెర్రిక్‌ను కాలువలో పోయకూడదు, అందులో కరిగిన రాగి చేపలకు విషం. వంటసోడా నురగ ఆగేదాకా వేసి, మడ్డిని విడిగా మూతపెట్టి ఉంచాను. మిద్దె మీద టబ్బు పెట్టినచోట పడిన గోధుమరంగు మరక మాత్రం పోలేదు. అమ్మ ఈ ఏడు వడియాలు పక్కింటి మిద్దె మీద పెట్టుకుంది.